ఊళ్ళో కుక్క కరిస్తే

వేసవి సెలవులకి ఊరెళ్ళే హడావిడిలో ఉన్నారు కదా! ఇక్కడ పెరిగిన పిల్లలు అక్కడి వీధికుక్కల్ని కూడా ముద్దు చేయబోతారు. పన్ను కాస్త గీసుకున్నా సరే, ముందు కుళాయి కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగండి. రేబిస్ వైరస్‌కి పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని పాడుచేస్తుంది. అత్తయ్యగారు పసుపో, కారమో, సున్నమో తెస్తే మర్యాదగానే వద్దనండి.

ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌ని నయం చేసే మందు లేదు. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లన్నది పాతకాలం మాట. ఇప్పుడు జబ్బకే, పసివాళ్ళకైతే తొడకి. కండకిచ్చే పద్ధతిలో మామూలుగా అయిదు డోసులు: మొదటిది వేసిన రోజు 0 అనుకుంటే 3, 7, 14, 28 రోజుల్లో మిగతావి. రక్తం వచ్చిందా, ఇమ్యునోగ్లోబులిన్ ఇస్తున్నారా అని మీరే అడగండి. టీకా పనిచేయడానికి వారం పైనే పడుతుంది, ఈలోగా కాపాడేది గాయంలోకి ఎక్కించే ఆ మందే.

మధ్యలో తిరుగు ప్రయాణం వచ్చిందని డోసులు ఆపకండి. టీకా పేరు, తేదీలు ఉన్న చీటీ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, ఇక్కడి డాక్టరుకి చూపించి మిగిలినవి వేయించండి. చీటీ సూట్‌కేసులో మాత్రం వద్దు, అది ఏ విమానాశ్రయంలో ఆగిపోతుందో!