శిబిరం డబ్బాలో నొప్పి బిళ్ల వద్దు

పలాస, టెక్కలి, మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి వైపు ఈ ఎండాకాలం పిల్లలకు శిబిరాలు నడపబోతున్న వ్యాయామ ఉపాధ్యాయులకు, గ్రంథాలయ సిబ్బందికి, యువజన సంఘాల వారికి, సెలవులకు ఊరొచ్చి పిల్లలకు నాలుగు ఆటలు నేర్పుదామనుకుంటున్న డిగ్రీ విద్యార్థులకు ఈ విన్నపం.

ఏప్రిల్ నెలాఖరుకు బడులు మూస్తారు, జూన్ 12కు తెరుస్తారు. ఈలోగా ఖోఖో, కబడ్డీ, బొమ్మలు, కథలు అన్నిటికీ ఏర్పాట్లు జరుగుతాయి. ప్రథమ చికిత్స దగ్గరికొచ్చేసరికి మందుల షాపులో ఒక డబ్బా కొని బీరువా మీద పెట్టేస్తాం. ఆ డబ్బా ఒకసారి దించి తెరవండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నిమెసులైడ్... ఈ నొప్పి బిళ్లల్లో ఏదున్నా తీసి పక్కన పెట్టేయండి. మిగతా ఊళ్లలో దీన్ని జాగ్రత్త అంటారేమో, ఈ ఊళ్లున్న మన ఉద్దానంలో మాత్రం ఇది మొదటి పాఠం కావాలి. ఇక్కడ ఎందరినో పట్టి పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇన్నేళ్ల పరిశోధన తర్వాత కూడా తేలలేదు. ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు ఈ బిళ్లలు మూత్రపిండాలకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయన్నది మాత్రం ఎప్పుడో తేలింది. మే నెల మధ్యాహ్నం ఆడివచ్చిన పిల్లాడి ఒంట్లో నీరు ఎంతుంటుందో వేరే చెప్పాలా?

ఒక్క బిళ్లకే కిడ్నీ పోతుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. నొప్పి అనగానే బిళ్ల మింగే అలవాటు మన చేతుల మీదుగా పిల్లలకు అంటకూడదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అక్కడి బెంచీల మీద కూర్చున్న వారిని చూసినవారికి ఈ మాట అతిగా తోచదు. కాలు బెణికితే ఆట ఆపించి కూర్చోబెట్టండి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి, కాలు ఎత్తులో ఉంచండి. వాపు బాగా ఉన్నా, అడుగు వేయలేకపోయినా ఆసుపత్రే. జ్వరం వస్తే ఇంటికి కబురు పెట్టండి. పారాసెటమాల్ కూడా పిల్లల బరువును బట్టి వేయాల్సిన మందే.

ఇక నీళ్ల సంగతి. దాహం వేశాక కాదు, గంటకోసారి అందరిచేతా తాగించాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద ఎంత రాసి ఉంటే అంత నీటిలోనే, సాధారణంగా లీటరులో, మొత్తం కలపాలి. సగం పొడి సగం నీళ్లు అని మన లెక్కలు వద్దు. పేరులో ఓఆర్‌ఎస్ అని తగిలించుకున్న తీపి పానీయాలు వేరు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ వాటి మీద ఆ పేరు వాడకూడదని చెప్పింది. ఇక కొబ్బరి బొండం. కొబ్బరి తోటల మధ్య బతికే మనకు ఎవరు సొమ్మసిల్లినా ముందు గుర్తొచ్చేది అదే. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు మంచిదే. కానీ శిబిరంలో సాయానికి వచ్చిన పెద్దాయన కిడ్నీ రోగి అయితే ఆ నీటిలోని పొటాషియం గుండెకే ముప్పు తేవచ్చు. అందుకే ముందు అడగండి: "బాబాయ్, కిడ్నీకి మందులేమైనా వాడతన్నావా?"

ఎండదెబ్బను గుర్తుపట్టాల్సింది చెమటను బట్టి కాదు, మాటను బట్టి. ఒళ్లు కాలిపోతూ పిల్లాడు పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా, పలకకపోయినా అది ఎండదెబ్బే అనుకోండి. 108కి ఫోన్ చేయించి, అంబులెన్సు వచ్చేదాకా ఆగకుండా నీడలో పడుకోబెట్టి ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయొద్దు.

జీడి మధ్యే బతికే పలాస వారికి జీడి గురించి చెప్పడమంటే కొంత సాహసమే. అయినా సెలవుల్లో తోటలో పచ్చి పిక్కలు కాల్చుకు తినే సరదా పిల్లలకు ఉంటుంది. తొక్కలోని నూనె చిమ్మితే చర్మం బొబ్బలెక్కుతుంది, కంట్లో పడితే మరీ ప్రమాదం. చర్మానికి సబ్బూ నీళ్లూ, కంటికి ధారగా మంచినీళ్లు, తర్వాత డాక్టరు. నిప్పుతో కాలినచోట 20 నిమిషాలు చల్లటి నీటి ధార పెట్టాలి. టూత్‌పేస్టు, సిరా, పసుపు ఏవీ పూయొద్దు. తెల్లవారుజామున, సందెవేళ పిల్లల్ని తోటల్లోకి తీసుకెళ్లనే వద్దు. 2022 జూన్‌లో కిడిసింగి ఊళ్లో ఎలుగుబంటి మనుషుల మీద పడిన సంగతి ఈ ప్రాంతం మరిచిపోలేదు.

పాము కరిస్తే తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, మంత్రం అన్నీ కాలయాపనే. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్ర కట్టి, ఉంగరాలు, పట్టీలు తీసి, నడిపించకుండా మోసుకెళ్లండి. విషానికి విరుగుడు మందు ఏ ఆసుపత్రిలో ఉందో శిబిరం మొదలవకముందే కనుక్కోవాలి.

బారువకో, భావనపాడుకో, శివసాగర్ తీరానికో విహారం పెట్టుకుంటే ఒడ్డున ఉండి చూసే పెద్దవాళ్లు కావాలి. మునుగుతున్నవాళ్ల కోసం వెంటనే దూకితే ఇద్దరూ పోయే ప్రమాదం ఉంది. తాడు విసరండి, లేదంటే మూత బిగించిన ఖాళీ 20 లీటర్ల నీళ్ల క్యాను విసరండి. మంచినీళ్లు కొనుక్కునే మన ఇళ్లలో దానికి కొరత లేదు. బయటికి తీశాక పొట్ట నొక్కడం, తలకిందులుగా తిప్పడం చేయొద్దు. పలకకుండా, ఊపిరి తీయకుండా ఉంటే ముందు నోటిలోకి ఊపిరి ఊదాలి, తర్వాత ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు లోతుగా నొక్కుతూ, ప్రతి 30 నొక్కులకు రెండు ఊపిర్లు ఇవ్వాలి. ఇది చదివితే రాదు, బొమ్మ మీద చేసి చూడాలి. ఆపదలో ముందు అందేది పక్కవారే కాబట్టి ఈ సాధన అందరికీ కావాలి. 2025 నవంబరు 1న కాశీబుగ్గ వేంకటేశ్వరస్వామి గుడి తొక్కిసలాటలో పడిపోయినవారి దగ్గరికి ముందు చేరినవి డాక్టర్ల చేతులు కావు, పక్కనున్నవారి చేతులు.

కాబట్టి అడిగేది ఇదీ. శిబిరానికి వారం ముందే మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుణ్ణో, శ్రీకాకుళం రెడ్‌క్రాస్ వారినో కలిసి ఒక్క పూట శిక్షణ ఇప్పించమనండి. వంటమనిషిని, వ్యాను డ్రైవరును కూడా కూర్చోబెట్టండి. పిల్లల పేర్లు రాసుకునే కాగితం మీదే మూర్ఛ, ఉబ్బసం, పడని మందులు, ఇంట్లో ఎత్తే ఫోన్ నంబరు రాయించుకోండి. ఆ కాగితాల కట్ట ప్రథమ చికిత్స డబ్బాలోనే ఉండాలి, ఆఫీసు గదిలో తాళం వేసి కాదు.