మా పెద్దల మాటా సాక్ష్యమే

"కాగితం ఉందా?" భూమి గురించి ఏ ఆఫీసు బల్ల ముందు నిలబడ్డా మాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే. లేదంటే ఫైలు మూసేస్తారు. చదువుకున్న మన పిల్లలు కూడా ఇదే చట్టమనుకుంటున్నారు. ఇది ఆఫీసుల అలవాటు. చట్టంలో ఇలా లేదు.

1872 నాటి సాక్ష్య చట్టం గానీ, దాని స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం గానీ నోటి మాటను తోసిపుచ్చలేదు. చూసినవాడే వచ్చి చూశానని చెప్పాలి, విన్నవాడే విన్నానని చెప్పాలి అన్నాయి, అంతే. ఇంతమంది సాక్షులు ఉండి తీరాలనీ అనలేదు. రాసుకున్న పత్రంలోని షరతులను నోటి మాటతో కాదనకూడదన్న నియమం ఉంది, నిజమే. మా తాతల వేలిముద్రల కాగితాలతో షావుకార్లు బతికింది దాని నీడలోనే. కానీ ఆ నియమానికే ఒక మినహాయింపు ఉంది. మోసం చేసి, బెదిరించి రాయించుకున్నారని నోటి మాటతోనే రుజువు చేయవచ్చు. ఈ రెండో సగం మాకు ఎవరూ చెప్పలేదు.

హక్కు ఉందన్నవాడే రుజువు చేయాలన్నది కోర్టుల మామూలు సూత్రం. మనం 1/70 అని పిలిచే చట్టం ఈ బరువును అటు తిప్పింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందుగానే భావిస్తుంది. కాదని చూపాల్సింది అతనే. 1988లో సుప్రీంకోర్టు కూడా ఈ చట్టాన్ని నిలబెట్టింది. మరి మందస కొండల్లోని సవర గూడేలు? చాలావరకు ఐదో షెడ్యూలు బయటే ఉన్నాయి. ఏజెన్సీ గీత లోపలి సవరకు దొరికే అండ ఇక్కడి సవరకు లేదు. భాష ఒకటే, పండగలు ఒకటే. ఏ సాక్ష్యం చూసి ఆ గీత గీశారని మేం అడుగుతున్నాం.

పోడు భూమి సంగతి వేరు, అక్కడ గీతతో పని లేదు. 2005 డిసెంబరు 13కు ముందు నుంచీ మన స్వాధీనంలో ఉందని చూపాలి. అటవీ హక్కుల నియమాల్లో 13వది చదవండి. ఇల్లు, గట్టు, చదును చేసిన నేల, బావి, శ్మశానం, పెద్దల వాంగ్మూలం, అన్నీ అందులో ఉన్నాయి. జీడిచెట్టు తన వయసు తాను చెప్పదా? ఉద్దానం రైతు ఎవరైనా మొదలు చూసి చెప్పేస్తాడు. ఫలానా కాగితమే తెమ్మని కమిటీలు పట్టుబట్టకూడదని 2012 సవరణ చెప్పింది. ఉపగ్రహ చిత్రం తోడు సాక్ష్యమే తప్ప మిగతావాటికి బదులు కాదని కూడా చెప్పింది.

నేరం కేసుల్లో సాక్ష్యం సేకరించేది సర్కారే. అక్కడే మాకు ఎక్కువ దెబ్బ. 2007లో వాకపల్లిలో 11 మంది కోందు మహిళలు పోలీసుల మీద అత్యాచారం ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో విశాఖ కోర్టు నిందితులను వదిలేసింది. దర్యాప్తు సరిగా జరగలేదనీ, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలనీ అదే కోర్టు చెప్పింది. అనుమానం ఉంటే నిందితుణ్ని వదలాలన్న సూత్రాన్ని మేం తప్పుపట్టం. దొంగ కేసుల్లో ఇరికించిన మన కుర్రాళ్లనూ కాపాడేది అదే. కానీ సాక్ష్యాన్ని పాడుచేసినవాడికి శిక్ష లేకపోతే, ఆ సూత్రం ఎవరికి చుట్టమవుతుంది?

పెద్దలు పోతున్నారు. టీచర్లూ, ఈ ఎండాకాలం సెలవుల్లోనే మొదలుపెట్టండి. ఎవరి చెక్క ఎక్కడ, సరిహద్దు ఏ వాగు, ఏ చెట్టు ఎవరు నాటారు, ఎవరి సమాధి ఎక్కడ, తేదీ వేసి రాయండి. దరఖాస్తుదారు మాట ఒక్కటే చాలదు, వేరే పెద్దలు చెప్పాలి. ఒక్క ఆధారంతో ఆగొద్దు, రెండో ఆధారం జత చేయండి. సవరలో చెప్పింది సవరలోనే రాసి, పక్కన తెలుగు పెట్టండి. గ్రామసభలో చదివి వినిపించి వేలిముద్రలు వేయించండి. నకలు ఒకటి గూడెంలోనే ఉండాలి.