పరీక్ష ముందా, పసిబిడ్డ ముందా?

2025 నాటికి క్షయను దేశంనుంచి తరిమివేస్తామని ప్రధాని నరేంద్ర మోదీ 2018 మార్చిలో ఢిల్లీలో ప్రకటించారు. గడువు వచ్చింది; క్షయ మాత్రం పోలేదు. 2023లో ప్రపంచంలో కొత్తగా క్షయ పాలైనవారు సుమారు 1 కోటి 8 లక్షలు కాగా, వారిలో నూటికి 26 మంది భారతీయులేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పార్లమెంటులో ప్రశ్నలు, జవాబులు ఈ అంకెల చుట్టూనే తిరుగుతుంటాయి. ఐదేళ్లలోపు పసిబిడ్డల ప్రసక్తి వాటిలో అరుదు. పసిబిడ్డ కఫం ఉమ్మి చూపలేడు. కనుక జబ్బు పడినా లెక్కకు అందడు.

2019-21 జాతీయ సర్వేలో, 15 ఏళ్లు నిండినవారిలో నూటికి 31 మంది ఒంట్లో క్షయ క్రిములు దాగివున్నట్లు రక్తపరీక్ష ద్వారా తేలింది. పిల్లలు ఆ సర్వే పరిధిలోకే రాలేదు.

ఆ రక్తపరీక్ష పేరు ఇగ్రా. చేతికి సూదిమందు గుచ్చి, రెండు మూడు రోజుల తర్వాత వాపు కొలిచే పాత మాంటూ పరీక్షతో ఒక చిక్కు వున్నది. పుట్టగానే వేసిన బి.సి.జి. టీకా వల్ల కూడా ఆ వాపు రావచ్చు. ఇగ్రాకు ఆ పొరపాటు లేదు. బిడ్డను మళ్లీ ఆసుపత్రికి తీసుకురానవసరమూ లేదు. ఐతే పసివాని నరం దొరకాలి, రక్తం గంటల వ్యవధిలో ప్రయోగశాల చేరాలి. అంతా సవ్యంగా జరిగినా, చిన్నపిల్లలలో ఫలితం ఎటూ తేలకపోవడం పెద్దవారిలోకన్న ఎక్కువ. ఏ వయసులో ఈ పరీక్ష ఎక్కువగా అక్కరకు రావాలో, ఆ వయసులోనే అది తడబడుతున్నది. క్రిమి సోకిందా అన్నదే అది చెబుతుంది. జబ్బు వున్నదా అన్నది చెప్పలేదు.

వైద్యం చేయకుంటే, క్రిమి సోకిన ఏడాదిలోపు శిశువులలో నూటికి 30 నుంచి 40 మంది జబ్బు పడతారు. కొందరిలో అది మెదడు పొరలకు పాకుతుంది. అందుకే కేంద్ర ప్రభుత్వం 2021 మార్గదర్శకాలలో స్పష్టంగా చెప్పింది: ఇంట్లో క్షయరోగి వుంటే, ఐదేళ్లలోపు బిడ్డకు జబ్బు లేదని నిర్ధారించుకుని, ఏ పరీక్ష కోసమూ ఆగకుండా నివారణ మందు మొదలుపెట్టాలి. ఈ విధానం సరైనదే. పరీక్ష లేదన్న సాకుతో మందు ఆపడం నేరంతో సమానం.

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవారు ఈ రంగంలోనూ వుంటారు. యాంటీబాడీలను చూసి క్షయను పసిగడతామన్న రక్తపరీక్షలు దేశంలో ఏళ్ల తరబడి అమ్ముడుపోయాయి. వాటిని నమ్మరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తేల్చిన మీదట, 2012 జూన్‌లో ప్రభుత్వం నిషేధించింది. ఇగ్రా వాటివంటిది కాదు. దానికి శాస్త్రబలం వున్నది. కాని జబ్బును నిర్ధారించే పరీక్షగా దానిని అంటగడితే మాత్రం పాత కథ పునరావృతమవుతుంది.

పరీక్షను కాదనడం లేదు. ఐదేళ్లు దాటిన పిల్లలకు, ఇంట్లో రోగి ఎవరో తెలియని బిడ్డలకు అది ఉపయోగమే. దానిని ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా అందించాలి కూడా. ఐతే క్షయరోగి ఇంటి పసివానికి ముందుగా కావలసింది ఆ గడప తొక్కే ఆరోగ్య కార్యకర్త, ఆరు నెలలు తప్పకుండా అందే మాత్ర.

కనుక మన సభ్యులు ఆరోగ్య మంత్రిని అడగవలసిన ప్రశ్న ఎన్ని పరీక్షలు జరిపారని కాదు. క్షయరోగులున్న ఇళ్లలో ఐదేళ్లలోపు బిడ్డలు ఎందరు? వారిలో ఎందరు మందు పూర్తిగా వాడారు? జిల్లాలవారీగా జవాబు రాబట్టాలి.