దుంగ కాకముందు అదొక చెట్టు

ఎర్రచందనం అనగానే మనకి గుర్తొచ్చేదేమిటి? పేపర్లో ఫోటో. వరసగా పేర్చిన దుంగలు, వెనకాల తుపాకులతో పోలీసులు, ముందు తలవంచుకు కూర్చున్న కూలీలు. టన్ను ఎంత పలుకుతుందో మనలో చాలామంది టక్కున చెప్పేస్తాం. మరి నిలబడి ఉన్న చెట్టుని చూపిస్తే ఎంతమందిమి గుర్తుపడతాం?

ప్రపంచం మొత్తంమీద ఈ చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణపు కొసనే. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు, అంటే ముఖ్యంగా కడప, చిత్తూరు, నెల్లూరు సీమల రాతి కొండలే దాని పుట్టిల్లు. మన తిరుపతికి నెత్తిమీదే ఉంది! నల్లగా, మొసలి చర్మంలా పలకలు పలకలుగా పగిలిన బెరడు, మారేడులా మూడేసి ఆకులు, ఎండాకాలంలో పసుపు పూలు, చుట్టూ రెక్క ఉన్న గుండ్రటి కాయలు - ఇవీ ఆనవాళ్లు. పేరుకి చందనమే గానీ వాసన లేదు. దాని విలువంతా లోపలి ఎర్రటి చేవలో ఉంది. ఆ చేవ ముదరాలంటే దశాబ్దాలు పడుతుంది. నరకడానికి ఒక్క రాత్రి చాలు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 1995లోనే దీని అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ వచ్చింది. 2010లో శేషాచలాన్ని జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. అయినా నరుకుడు ఆగలేదు. 2015 ఏప్రిల్ 7న ఇదే శేషాచలం అడవిలో పోలీసు కాల్పులకి 20 మంది తమిళనాడు వాసులు బలైపోయారు. గొడ్డలి పట్టినవాడు ప్రాణం పోగొట్టుకుంటే, గొడ్డలి పట్టించినవాడు హాయిగా ఉన్నాడు. అడవిని తుపాకి ఒక్కటే కాపాడుతుందనుకోవడం భ్రమ అని నా అభిప్రాయం.

మొక్కలు నాటితే సరిపోతుంది కదా అంటారు కొందరు. నాటాల్సిందే. కానీ తోట వేరు, అడవి వేరు. ఈ కొండల్లో ఎర్రచందనం పక్కనే తెల్లకరక, కొండసాంబ్రాణి లాంటి అరుదైన చెట్లూ బతుకుతున్నాయి. వాటికి ఎర్రచందనానికి ఉన్నంత మార్కెట్టు లేదు, కాబట్టి అంత వార్తా లేదు. అడవి పోతే అవీ పోతాయి.

అందుకే నేననేది ఒక్కటే. ఏటా విహారయాత్రలకి ఊటీ, కొడైకెనాల్ పోతున్నాం. ఈసారి అటవీశాఖ అనుమతితో, బాటనీ మాస్టారిని వెంటబెట్టుకుని, ఎదురుగా ఉన్న కొండెక్కుదాం. బాటనీ వాళ్లే కాదు, కామర్సు వాళ్లూ రావాలి. ధర తెలిసినవాళ్లు ఈ దేశంలో ఇప్పటికే చాలామంది ఉన్నారు. ఆ చెట్టుకి కావలసింది దాని ముఖం తెలిసినవాళ్లు.