ఎవరి నొప్పిని నమ్ముతున్నాం?

తెలుగు జిల్లాల్లో మంచాన పడ్డ రోగుల ఇళ్లకు వెళ్లి ఉపశమన సేవ చేసే కార్యకర్తలం, నర్సులం, డాక్టర్లం కలిసి ఈ ప్రణాళికను ప్రకటిస్తున్నాం. అందరికీ తలుపులు తెరిచే ఉంచాం, ఇక వివక్ష ఎక్కడిదని ఇన్నాళ్లూ అనుకున్నాం. కానీ ఇంటివద్ద సేవలో తలుపు మాది కాదు, రోగిది. ఏ గడప తొక్కుతున్నాం, ఏ వీధి మొగలో వెనక్కి తిరుగుతున్నాం అన్నదే మాకు లెక్క.

నొప్పిని కొలిచే యంత్రం లేదు. రోగి చెప్పాలి, వినేవాళ్లు నమ్మాలి. వివక్ష దూరేది ఆ నమ్మకంలోనే. 2016లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు తెల్లజాతి వైద్య విద్యార్థులను, రెసిడెంట్ డాక్టర్లను ప్రశ్నిస్తే, నల్లవాళ్ల చర్మం మందమన్న తరహా అబద్ధాల్లో ఒక్కదాన్నైనా దాదాపు సగంమంది నిజమనుకున్నారు. అలా అనుకున్నవాళ్లు నల్లజాతి రోగి నొప్పిని తక్కువగా అంచనా వేశారు, చికిత్స విషయంలోనూ పొరబడ్డారు. అక్కడిది జాతి, ఇక్కడిది కులం. రెండూ ఒకటేనని అనడం లేదు. అయినా ‘కాయకష్టం చేసిన ఒళ్లు, ఓర్చుకుంటుందిలే’ అనే ధోరణి మనకు కొత్తేమీ కాదు.

పైగా మందే కరువు. 2017 నాటి లాన్సెట్ కమిషన్ లెక్క ప్రకారం ప్రపంచంలో ఏటా 298.5 టన్నుల మార్ఫిన్ తరహా మందులు పంపిణీ అయితే, అత్యంత పేద దేశాలకు చేరింది 0.1 టన్ను. భారతదేశానికి అందింది అవసరంలో 4 శాతం. మన 1985 మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించేదాకా ఆస్పత్రులు ఒక్క మార్ఫిన్ కోసం రకరకాల లైసెన్సుల చుట్టూ తిరిగాయి. ఇంత కొద్ది మందు ముందుగా చేరేది పట్నానికి రాగలిగినవాళ్లకు, చీటీ చదవగలిగినవాళ్లకు, డాక్టరును ఎదురడగగలిగినవాళ్లకు. అందుకే మా వారపు తిరుగుడు ఊరి నడిబొడ్డు నుంచి కాక వాడ నుంచి, తండా నుంచి, గూడెం నుంచి మొదలవుతుంది. కోయ, గోండి మాట్లాడే ఇంట్లో తెలుగు కూడా ఆఫీసు భాషే. అక్కడ దుబాసీ పని పదేళ్ల మనవరాలి మీద వేయం. ఆ భాష వచ్చినవాళ్లను జీతమిచ్చి పెట్టుకుంటాం.

మా రిజిస్టర్లో కులం రాయాలన్నప్పుడు లోపలివాళ్లే అభ్యంతరపెట్టారు: చావుబతుకుల్లో ఉన్న మనిషిని కులం అడుగుతామా? చెప్పడం ఇష్టం లేనివాళ్లను ఒత్తిడి చేయం. కానీ లెక్కే లేకపోతే ఎవరు రావడం లేదో ఎప్పటికీ తెలియదు; వచ్చినవాళ్లను చూసి అందరూ వచ్చారనుకుంటాం.

అన్నిటికన్నా కష్టమైన అభ్యంతరం మరొకటుంది. రోగి కోరికే పెద్దదని చెప్పే మీరు, దళిత నర్సు ఇంట్లోకి రావద్దంటే ఏం చేస్తారు? ఇది ఊహ కాదు. 2011-12 భారత మానవాభివృద్ధి సర్వేలో తమ ఇంట ఏదో ఒక రూపంలో అంటరానితనం పాటిస్తామని సుమారు 27 శాతం కుటుంబాలు తామే ఒప్పుకున్నాయి. స్త్రీ రోగి స్త్రీ నర్సునే కోరితే అది ఆమె ఒంటి మర్యాద, పాటిస్తాం. కులం చూసి నర్సును మార్చమనడం ఎదుటి మనిషి మర్యాదను తీయడం, దాన్ని పాటించం. అలాగని నొప్పితో ఉన్నవాళ్లకు మందు ఆపం. మళ్లీ ఆ ఇంటికి వెళ్లాలా వద్దా అన్నది అవమానపడ్డ నర్సే నిర్ణయిస్తుంది. ఆమె వద్దంటే ఆ రోజు డాక్టరే వెళ్లి మందిచ్చి, కులం చూసి వేరే నర్సును పంపబోమని కుటుంబంతో తేల్చి చెప్పి రావాలి.