గది వేరు, ముతర్జిమ్ వేరు

పోయిన ఇత్వార్ మా భయ్యా కూతురు ధర్మవరంలో రైలెక్కి హిందూపురం వచ్చింది. డిప్లొమా చదువుతోంది. చాయ్ కూడా తాగకుండానే ల్యాప్‌టాప్ తెరిచింది.

"చిచ్చా, 8 ఫ్యాక్టోరియల్ ఎంత?"

కాగితం మీద గుణించి చెప్పినాను. 40320.

"మా ల్యాబ్‌లో మైనస్ 25216 వస్తోంది. ఇంట్లో సరిగ్గా వస్తోంది. స్క్రీన్ తుడిచే లైన్ ఒక్కటి తీసేసినా, మిగతాదంతా అదే ప్రోగ్రామ్. సార్‌ని అడిగితే 7 దాకే ఇవ్వమ్మా అన్నారు. నాకే ఇది రాదేమో."

ఆ ఆఖరి మాట నాకు గుచ్చుకుంది. ఉర్దూ మీడియం నుంచి తెలుగు డిగ్రీకి పోయిన కొత్తలో నేనూ అట్లే అనుకున్నాను, కుసూర్ నా దిమాగ్‌దే అని. అసలు మసలా తర్జుమాలో ఉండింది.

ఇక్కడా అంతే. సీ భాషలో మనం రాసింది మెషీన్‌కు అర్థం కాదు. మధ్యలో ఒక ముతర్జిమ్ కావాల. అదే కంపైలర్. ఐడీఈ అనేది ఆ ముతర్జిమ్ కూర్చునే కమ్రా మాత్రమే. ల్యాబ్‌లో ఉన్నది టర్బో సీ. 1987లో బోర్లాండ్ తెచ్చిన ఈ నీలి తెరలో కమ్రా, ముతర్జిమ్ రెండూ కలిసిపోయి ఉంటాయి. అందుకే పిల్లలకు ఆ నీలి తెరే సీ భాష అనిపిస్తుంది. ఇంట్లో ఆమె వాడుతున్న కోడ్‌బ్లాక్స్ వట్టి కమ్రా. లోపల పని చేసేది జీసీసీ.

టర్బో సీ ఒక ఇంట్‌కు 2 బైట్లు ఇస్తుంది. 32767 దాటితే పట్టదు. 40320 లోంచి 65536 తీసేయండి, ఆ మైనస్ 25216 ఎక్కడిదో తెలిసిపోతుంది. జీసీసీ మన పీసీల మీద 4 బైట్లు ఇస్తుంది. తమాషా ఏమంటే, సీ ప్రమాణం ఇద్దరికీ ఇజాజత్ ఇచ్చింది. కనీసం 16 బిట్లు ఉండాలంది, అంతే. అంటే టర్బో సీ అబద్ధం ఆడలేదు. ఎవరి కొలత ఎంతో పిల్లకు ఎవరూ చెప్పలేదు.

"7 దాకే ఇవ్వు" అన్న జవాబుతోనే నా తకరార్. సవాల్‌ను కోసేసి జవాబును కాపాడుకోవడం తాలీమ్ కాదు.

ల్యాబ్ మాన్యువల్ అట్లే ఉంది, ఇమ్తెహాన్ అట్లే ఉంది అంటారు ఉస్తాదులు. వాళ్ల మజ్బూరీ నాకు తెలుసు. కానీ ఇది పైసల మాట కాదు. కోడ్‌బ్లాక్స్ ముఫ్త్, జీసీసీ ముఫ్త్. 64 బిట్ విండోస్ మీద టర్బో సీని నడపాలంటే డాస్‌బాక్స్ అనే ఇంకో పరదా కట్టాల. అంత మెహనత్ చేసి పాతదాన్ని నిలబెట్టేది ఆదత్ ఒక్కటే.

అట్లని జీసీసీ పెడితే అన్నీ తీరవు. 13 ఫ్యాక్టోరియల్ ఇస్తే అక్కడా ఇంట్ పొంగిపోతుంది. లాంగ్ లాంగ్ వాడితే 20 దాకా పోవచ్చు. చిన్న చిప్‌ల కంపైలర్లలో ఈ రోజుకూ 2 బైట్ల ఇంట్ ఉంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా వాళ్లు 2019 నుంచి కార్లు తీస్తున్నారు. కార్లలోనూ అట్లాంటి చిన్న కంప్యూటర్లు బోలెడు. ఆ కొలువుల మీద ఉమీద్ పెట్టుకున్న మన పిల్లలకు ఈ తేడా తెలియకపోతే ఎట్లా?

కోడ్‌బ్లాక్స్ దించుకునేటప్పుడు మింగ్‌డబ్ల్యూ కలిసిన ఫైల్ తీసుకోండి. లేకుంటే కమ్రా వస్తుంది, ముతర్జిమ్ రాడు. సెట్టింగ్స్‌లో కంపైలర్ తెరిచి గ్నూ జీసీసీ ఎంచుకోండి. దొరకలేదంటే టూల్‌చైన్ ట్యాబ్‌లో ఆటో డిటెక్ట్ నొక్కండి. హెచ్చరికలన్నీ చూపించే టిక్ పెట్టండి. వాయిడ్ మెయిన్ అని రాస్తే అదే టోకుతుంది.

ఉస్తాదులకు ఒకే గుజారిష్. టర్బో సీ ఉంచుకోండి, పక్కన జీసీసీ పెట్టండి. ఒకే ప్రోగ్రామ్ రెండింట్లో నడిపి, తేడా ఎందుకొచ్చిందో పిల్లల్నే అడగండి.

మా పిల్ల పోతూ పోతూ ల్యాబ్ రికార్డులో రెండు జవాబులూ రాసుకుంది. పక్కన 2 బైట్లు, 4 బైట్లు అని కూడా. మార్కులు పడతాయో లేదో. "నాకు రాదు" అన్న మాట మాత్రం మళ్లీ అనలేదు.