మోటుపల్లి శాసనమూ, మా పిల్లల ఇంటి చదువూ

మా అమ్మాయి తన పిల్లలిద్దరినీ బడి మాన్పించిందని తెలిసిన నాడు నేను రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ముప్పదినాలుగేండ్లు తెలుగు పండితుడిగా బడిలోనే బ్రతికినవాడిని. కన్నకూతురే బడి వద్దంటే నా బ్రతుకునే వద్దన్నట్లు తోచింది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నది కదా, ఆరు నుంచి పదునాలుగేండ్ల పిల్లలు బడిలో ఉండవద్దా అని వాదించాను. ఇంటి చదువు కూడదని అందులో ఎక్కడున్నదో చూపమన్నది. చూపలేకపోయాను. పదవ తరగతి పరీక్షను సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా వ్రాయిస్తానన్నది. పండితుని కూతురు గదా, వాదంలో తగ్గదు.

పిల్లలు సింగరాయకొండ వచ్చినపుడు, "చరిత్ర నువ్వే చెప్పు నాన్నా" అని నాకే అప్పగించింది. చెప్పటం కాదు, చూపిద్దామనుకొన్నాను.

చూపటం అంటే ఏమిటో నాకు ఆలస్యంగా తెలిసింది. ఉద్యోగకాలంలో విహారయాత్ర పేరిట ఒక్క పగటిలో ఏడు స్థలాలు తిప్పినవాళ్ళలో నేనూ ఒకడిని. బస్సు దిగటం, తలలు లెక్కపెట్టటం, పులిహోర పొట్లాలు పంచటం, మరల బస్సెక్కటం. మరునాడు యాత్రను గూర్చి వ్యాసం వ్రాయమంటే పిల్లలందరూ పులిహోర గురించే వ్రాశారు. తప్పు వారిది కాదు. అందుచేత ఈసారి ఒక్క ఊరు, ఒక్క రాయి చాలుననుకొన్నాను.

రైలులో చినగంజాం దిగి, ఆటోలో మోటుపల్లి చేరాము. మనుమడు, మనుమరాలు, వారితో పాటు పాకల నుంచి నా పూర్వవిద్యార్థి కొడుకు ఒకడు. వాడికి ఆదివారం సెలవు. ఇప్పటి మోటుపల్లిని చూచినవాడెవడూ ఇది కాకతీయుల రేవుపట్టణమని నమ్మడు. మార్కోపోలో ఈ సీమను ముత్ఫిలి అని వ్రాశాడు, ఇక్కడి బట్టలు సాలెగూటి దారమంత సన్ననివని మెచ్చుకొన్నాడు. పాలించే రాణిని మాత్రం గతించిన రాజు భార్య అన్నాడు. రుద్రమదేవి గణపతిదేవుని కూతురు! పరదేశి కంటికి అంత పొరపాటు సహజమే.

వీరభద్రాలయంలో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ముందు పిల్లలను కూర్చోబెట్టాను. సంస్కృతమూ తెలుగూ కలసిన శాసనం. పాత లిపిలో ఒకటి రెండు అక్షరాలను పోల్చుకోగలిగారు, తక్కినది నేను విప్పి చెప్పాను. తుపానుకు చెడి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని బంగారమూ, ఏనుగులూ, గుర్రాలూ, రత్నాలూ పూర్వపు రాజులు బలిమిని లాక్కొనేవారట. ప్రాణం కంటె ధనమే మిన్న అని తలచి సముద్రానికి తెగించిన వర్తకుల మీద దయతో, తాను కూపశుల్కం తప్ప తక్కినదంతా వారికే విడుస్తున్నానని రాజు మాట. శుల్కం ముప్పదింట ఒక వంతు. మనుమరాలు వేళ్ళమీద లెక్కకట్టి, "మూడువేల వరహాల సరుకుకు నూరే కదా తాతయ్యా, ఇందులో అంత గొప్పేముంది?" అన్నది. మనుమడికీ అదే సందేహం. ఎవరి సరుకు వారికివ్వటం ధర్మమే కదా, దానికి రాతిమీద చెక్కించటమెందుకు?

నేను నోరు తెరిచేలోగా పాకల పిల్లవాడు అందుకొన్నాడు. "కొట్టుకొచ్చింది ఎవరికి దొరికితే వాళ్ళదే గదా! మా ఒడ్డున వలగానీ దుంగగానీ దొరికితే తెచ్చి ఎవరిస్తారు? రాజు ఇప్పించాడంటే గొప్పే."

నేను చెప్పదలచుకొన్న గంట ఉపన్యాసం అక్కడితో అనవసరమైపోయింది. సముద్రపుటొడ్డున పుట్టినవాడికి ఆ శాసనంలోని న్యాయం తెలుసు, దాన్ని మీరటంలోని కష్టమూ తెలుసు. మా పిల్లలు పుస్తకాలు వాడికంటె ఎక్కువే చదివారు గాని, ఒడ్డుకు చేరిన వస్తువు మీద ఒడ్డువారి కన్ను ఎట్లా పడుతుందో వారికి చెప్పినవాళ్ళు లేరు.

నేనిప్పుడు ఇంటి చదువును తిట్టను. రాతి ముందు మూడు గంటలు కూర్చోగల తీరిక మా బడిలో ఏనాడూ దొరకలేదు. గంట కొట్టగానే లేవవలసిందే. ఆ తీరికను కూతురు పిల్లలకిచ్చింది, ఒప్పుకొంటున్నాను. కాని అమ్మా నాన్నా తాతయ్యా తప్ప ఎదురుమాట చెప్పేవాడు లేని చదువులో పిల్లవాడి సందేహానికి ఎప్పుడూ పెద్దల సమాధానమే దొరుకుతుంది. బడి ఎంత చెడ్డదైనా పాకల పిల్లవాడిని, కరణంగారి మనుమడిని ఒకే బల్లమీద కూర్చోబెట్టేది. ఇంటి బడి పెట్టుకొన్న తల్లిదండ్రులు ఇటువంటి యాత్రలకు తమబోటి కుటుంబాల పిల్లలనే పోగుచేస్తుంటారు. అది నాకు నచ్చదు. ఊరి బడి పిల్లలను పిలవండి, చార్జీలు మీరే పెట్టుకోండి.

తిరుగు రైలులో మనుమడు, వచ్చే వారం గుండ్లకమ్మ ఒడ్డున చందవరం బౌద్ధస్తూపానికి పోదామన్నాడు. మంగళవారమైతే జనం ఉండరన్నాడు. మనుమరాలు వాడి వంక చూచి, "మంగళవారం వాడికి బడి ఉంటుంది కదరా" అన్నది. ఆదివారానికే ఖాయమైంది.